పాటకు ముందు ఆయన చెప్పే మాట

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, కుప్పంలో ఉన్న మా చెల్లెల్ని చూసి వద్దామని కారెక్కి, మదనపల్లె పొలిమేర దాటుతుండగా పాట పెట్టమని మా చెల్లెలి కొడుకును అడిగాను. కారుకు కొత్త స్టీరియో వాడే బిగించి తెచ్చాడు. దాని తెర మీద పాట పేరు చక్కటి తెలుగు అక్షరాల్లో కనిపించింది, ఆ వెంటనే పాట మొదలైంది. సీటుకు ఆనుకొని కూర్చోబోతున్నదాన్ని అలాగే ముందుకు వంగి ఉండిపోయాను, ఎందుకంటే ఆ పాటకు ముందు ఒక మాట రావాలి. అది రాలేదు. తరువాతి పాటకు కూడా రాలేదు.

ఆ మాట ఏమిటో తెలియాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. మిషన్ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరిననాటికే ఆయన అక్కడ మందులిచ్చే గదిలో ఉండేవారు. సీసా మీది పేరు పైకి చదివి, అది దేనికో ఎప్పుడు తాగాలో చెప్పి, మళ్ళీ వాళ్ళ చేత చెప్పించుకుంటేగాని మందు చేతికిచ్చే మనిషి కాదు. వరుస బారెడున్నా సరే, వెనకవాళ్ళు సణుక్కున్నా సరే. ఆదివారం మిషన్ గుడిలో పాటలు ఎత్తుకునేది కూడా ఆయనే, అక్కడా అదే చాదస్తం. పాట నంబరు చెప్పేవారు, మళ్ళీ చెప్పేవారు, కళ్ళజోడు వెతుక్కునేవాళ్ళు వెతుక్కునేదాకా, పుస్తకం లేనివాళ్ళు పక్కవాళ్ళ దగ్గరికి జరిగేదాకా హార్మోనియం మీద వేలు పెట్టనిచ్చేవారు కాదు. "అందరికీ పేజీ దొరికిందా?" అని అడిగి, వెనక వరుసలోని ముసలమ్మ తలూపిన తరువాతే గొంతు సవరించుకునేవారు. నా ఈడువాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు, మనమందరమూ ఆ ఎదురుచూపులోనే పెరిగాము.

ఆ పాటలన్నీ టేపు రికార్డరు పెట్టి పట్టేవారు. క్రిస్మస్‌కు పాడినవి, కోత పండుగకు పాడినవి, ఎవరెవరి పెళ్ళిళ్ళకో పాడినవి. నిమ్మనపల్లె వైపు పల్లెలకు జీపులో పోయి పాడి వచ్చేవాళ్ళం, తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళిచ్చిన టమేటాల బుట్టల మధ్య కాళ్ళు ముడుచుకొని కూర్చొని, దారి పొడుగునా మళ్ళీ అవే పాటలు. బుట్టలోని టమేటాలు నా తెల్లచీరకు అంటుకొని మరకలైతే, దేవుని సేవలో తగిలిన గాయాలని ఆయన ఎగతాళి చేసేవారు. తరువాతి రోజుల్లో ఆ క్యాసెట్లకు బూజు పడుతుంటే కూర్చొని ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించారు.

ఇద్దరమూ ఉద్యోగాలు ముగించాక పాత కారొకటి కొన్నాము. ఆయన ముచ్చటపడి పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చి స్టీరియోకు గుచ్చితే అది కిక్కురుమనలేదు. బజారులో సెల్‌ఫోన్ల అంగడి సాయబును పిలుచుకొచ్చి చూపించారు. "స్టీరియో బాగనే ఉండాదప్పా, నీ పాటలే దీనికి పడవు, అన్నీ ఎంపీత్రీ సేసుకోవాల" అని, అది చేసే విధానం ఆయనకు నేర్పించి పోయాడు. ఇక చూడండి, పొద్దున కాఫీ తాగి కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా ఆయనకు అదే పని. ఒక్కో పాటా మార్చడం, మారిందా లేదా అని కారు దగ్గరికి పోయి వినడం, మళ్ళీ రావడం. అంతా అయ్యాక చూస్తే స్టీరియో చిన్న తెర మీద తెలుగు పేర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. పేర్లు ఇంగ్లీషులో కొట్టమని నేనంటే, "మన పాటకు ఇంగ్లీషు సొక్కా యాల?" అన్నారు. మందు పేరు చెప్పకుండా సీసా ఇవ్వని మనిషి, పాట పేరు చెప్పకుండా పాట వినిపిస్తారా? ప్రతి పాటకూ ముందు తన గొంతుతో పేరు చెప్పి అతికించారు.

మొదట్లో గుడిలో చెప్పినట్లే గంభీరంగా చెప్పారు. పోనుపోను కారులో వినేది మేమిద్దరమే కదా అని ఆయనకు చనువు ఎక్కువైంది. "ఇది మీ సెల్లెలు కుప్పంలో పాడింది, రెండో సరణంలో శృతి యాడికో పోతుంది, మనమేం పట్టించుకోవద్దు" అని ఒకదానికి. "ఇది పాడిన దినం నీకు జరం, అయినా వొచ్చి నిలబడినావు" అని ఒకదానికి. ప్రతిదాని చివరా మాత్రం నన్ను అడిగేది ఒకే మాట, "పేజీ దొరికిందా మే?" కారులో పుస్తకమెక్కడిది, పేజీ ఎక్కడిది! అయినా నేను దొరికిందని తలూపితే ఆయన నవ్వేవారు, అంతలో పాట అందుకునేది.

ఆయన ప్రభువునందు నిద్రించాక ఇల్లంతా నోరు లేనిదైపోయింది. నాకు కారు నడపడం రాదు, తాళం తిప్పడం వరకే వచ్చు. మధ్యాహ్నం పూట పోయి పక్కసీటులో కూర్చొని తాళం తిప్పి పాటలు పెట్టుకునేదాన్ని. నిజం చెప్పాలంటే పాటల కోసం కాదు. పేజీ దొరికిందా అని ఆయన అడిగితే కదలని కారులో కూర్చొని తలూపేదాన్ని. చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఈ మధ్య ఆ స్టీరియో మూగబోయింది. పుంగనూరులో కార్లకు స్టీరియోలు, సీటు కవర్లు వేసే అంగడి మా చెల్లెలి కొడుకుదే గనుక కారు వాడే తీసుకుపోయాడు, తనే కొత్తది బిగించి తెచ్చాడు. మొన్న అదే కారులో, రెండో పాట కూడా ఊరికే మొదలయ్యేసరికి ఉండబట్టలేక, పాటల ముందర మీ పెద్దనాయన మాట్లాడేది ఏమైందని వాణ్ణి అడిగాను.

వాడు సంతోషంగానే చెప్పాడు. "ఇప్పుడు పేర్లు తెలుగులోనే వొస్తాండాయి కదా పెద్దమ్మా, ఇంక సెప్పే పనేముంది? మాటలన్నీ కత్తిరించి నీటుగా సేసినా."

పాతవి ఎక్కడైనా ఉన్నాయా అన్నాను. వాడికి అప్పుడు అర్థమైంది. పుంగనూరు ఇంకా రానేలేదు, కారు పక్కకు తీసి ఆపేశాడు. "పెద్దనాయన పెన్‌డ్రైవే కార్లో ఉండాలని పాతవి తుడిసి దాంట్లోనే ఎక్కించినా పెద్దమ్మా" అని స్టీరింగు మీద తల పెట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇంట్లో కంప్యూటరు ఆయన ఉండగానే చెడిపోయింది. ఆ మాటలు ఆ పెన్‌డ్రైవ్‌లో తప్ప ఆయన వేరే ఎక్కడా దాచలేదు. ఇక వెతకడానికి చోటు లేదు.

వాణ్ణి ఏమని తిట్టేది? వాడికి ఊహ తెలిసేసరికే గుడిలో గోడ మీద తెర వచ్చింది. పాట చరణాలు వాటంతట అవే వస్తాయి, నంబరు చెప్పేవాళ్ళు లేరు, పేజీ తిప్పేవాళ్ళు లేరు, ఎవరి కోసమూ ఎవరూ ఆగనక్కరలేదు. పాటకు ముందు మాట ఉంటుందని, అది కూడా పాటలోదేనని వాడికి ఎవరు చెప్పారు? నా కళ్ళు తుడుచుకొని, వాడి వీపు నిమిరి, పద నాయనా, మీ అమ్మ కాచుకొని ఉంటుంది అన్నాను.

పలమనేరు దాటాక వాడే ఒక ఉపాయం చెప్పాడు. పేరు తెర మీదికి రాగానే పాట ఆపుతానని, పెద్దనాయన ఏం చెప్పేవాడో నన్ను చెప్పమని, తన ఫోనులో పట్టుకుంటానని. సరేనని ఒకటి చెప్పాను. ఇంకొకటి చెప్పాను. శృతి తప్పిన మా చెల్లెలి పాట దగ్గర నవ్వు కూడా వచ్చింది. వెంకటగిరికోట దగ్గరికి వచ్చేసరికి కోత పండుగ పాట పేరు వచ్చింది, వాడు ఆపాడు. నేను నోరు తెరిచాను. ఎన్నిసార్లో విన్న మాట, పెదవి దాకా వచ్చి నిలిచిపోయింది. టమేటాల సంగతా? జీపు సంగతా? ఎంత తడుముకున్నా రాలేదు. వాడు ఫోను పట్టుకొని అలాగే చూస్తున్నాడు.

ఆయన ఉండగా నేను ఎన్నడూ ఆయన్ను కాచుకోనివ్వలేదు, అడిగిన వెంటనే దొరికిందని తలూపేదాన్ని. ఇప్పుడు అడిగేవారు లేరు, పాట ఆగి నా కోసం చూస్తోంది. ఇంకా దొరకలేదండీ, కొంచెం ఆగండి.