థర్మకోల్ కొండ, రెండు తొట్లు

ఎనభైల చివర్లో నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. పడమటి కనుమలకు అటు ఒక వాగులో, ఇటు ఒక వాగులో పట్టిన వేలెడంత చేపలను వెంగళరావు నగర్‌లోని మా ఇంట్లో రెండు గాజు తొట్లలో పెంచుతూండేదాన్ని. ఒకప్పుడు అవన్నీ ఒకే జాతి. నేల మెల్లగా కొండై లేచింది, నీళ్లు రెండుగా చీలాయి, చేపలు కలుసుకునే దారి పోయింది. లక్షల ఏళ్లకు అటువి వేరు, ఇటువి వేరు అయ్యాయి. ఇప్పుడు మళ్లీ కలిపితే జత కడతాయా, కట్టవా? నా పరిశోధనంతా ఆ ఒక్క ప్రశ్నే.

ఇంతలో జూబ్లీహిల్స్ నుంచి ఒక దర్శకుడు కబురు పెట్టాడు. తన సినిమాలో కథానాయిక చేపల మీద పరిశోధన చేస్తుందట, నా చేపలు ఒక్కరోజుకు కావాలట. ఈ కొండ సంగతి ఆమె నోట చెప్పిస్తేనే ఇస్తానన్నాను.

"తప్పకుండా చెప్పిద్దామండీ" అన్నాడు. తెర మీద ఒక్కసారైనా నిజం వినపడుతుందని ఆశపడ్డాను.

షూటింగ్ బంగళాలో నా తొట్ల మధ్య థర్మకోల్ కొండ నిలబెట్టారు. దాని నెత్తిన మంచు కూడా పూశారు.

"మా కనుమల్ల మంచు యాడిది సార్?"

"జనానికి కొండంటే మంచేనండీ. వాళ్లకి ఇవన్నీ అర్థం కావు."

జనం అన్నప్పుడు ఆయన మూతి చూడాలి, వేపాకు నమిలినట్టు పెట్టాడు.

ముహూర్తం షాటు తొట్ల మీదే. కెమెరాకు పూజ చేసిన చేత్తోనే తొట్లకూ చేశారు. గాజు మీద బొట్టు పెడితే చాలదా? నిర్మాతగారు గుప్పెళ్లతో పసుపు కుంకుమలు నీళ్లలో చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు రెండింట్లోనూ వంచారు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు ఒకటే మురిసిపోవడం.

"ఆపుండ్రి సార్! చేపలు సచ్చిపోతయ్!"

"శుభమా అని కొబ్బరికాయ కొడుతుంటే చావు మాటలేంటండీ?" అని నిర్మాత నా మీదే గుడ్లురిమాడు.

కాసేపటికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. నాకు ఏడుపొచ్చింది. దర్శకుడు మాత్రం "చేపలే కదండీ" అని శ్రీనగర్ కాలనీకి మనిషిని పంపాడు. ఒకే సంచిలో బంగారు చేపలు తెప్పించి, తొట్లలో నీళ్లు మార్చి, చెరిసగం పోసి షాటు కానిచ్చాడు.

అయినా ఆ సినిమాకు వెళ్లాను. కొండ గురించి ఏం చెప్పించాడో వినాలిగా. కథానాయిక రెండు తొట్లనూ చూపించి, "వీటిని కొండ వేరు చేసింది, మనల్ని డబ్బు వేరు చేసింది" అని ఏడ్చింది. అంతే. కొండ పని అయిపోయింది.

నా పక్కన పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్నావిడ నన్ను గోకింది.

"గవీ గివీ ఒక్కతీర్గనే ఉన్నయ్ గదక్కా? గామె వేరంటదేంది?"

అర్థం కాని జనం! ఇంటర్వెల్‌లో ఆమెకు నా చేపల కథ మొదటి నుంచీ చెప్పాను. కదలకుండా వింది.

"మరి కలిపితే జత కట్టినయా అక్కా?"

"అది చూసే లోపలనే కొబ్బరికాయ కొట్టిండ్రమ్మా" అన్నాను.