రోజుకు ఒక్క పాయింటు

ఆటలో ఎవరికి దెబ్బ తగిలినా డువేన్ నోటితో చెప్పడు. బల్ల మీదున్న గులాబీరంగు రబ్బరును చూపుడువేలితో ఆ మనిషి వైపు జరుపుతాడు, మెల్లగా. చెరుపుకో అని అర్థం. పాత అంకె చెరిపి, తగ్గిన అంకె రాసుకోవాలి. చెరిపి చెరిపి మా అందరి కాగితాలూ అక్కడ పల్చబడ్డాయి. దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు కనిపిస్తుంది.

డువేన్ మా బావ, మా అక్క జానిస్ భర్త. విస్కాన్సిన్‌లో మా ఊరి చీజ్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడ్డాక ఇంట్లోనే ఉంటాడు. శనివారం మధ్యాహ్నాలు నేలమాళిగలో ఉంటాడు. అక్కడ, జింకమాంసం దాచే ఫ్రీజర్ పక్కన, బల్ల చుట్టూ మేము కూర్చుంటాం.

కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట మాది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఎవరేం చేయగలరో పాచికలు చెబుతాయి. ఒక్కొక్కరికీ కొన్ని ప్రాణం పాయింట్లుంటాయి. అవి అయిపోతే మనిషి అయిపోయినట్టే. కథ నడిపేది బావ. నేను దొంగను. బావ అన్నకొడుకు కర్టిస్ గొడ్డలి వీరుడు. వీధి చివర ఉండే మార్లిస్, స్కూలు బస్సు నడిపే ఆవిడ, మా వైద్యురాలు. పాత్రకు సిస్టర్ ఒడీలియా అని పేరు పెట్టుకుంది. ప్రార్థిస్తే గాయాలు మానతాయి. సిస్టర్ చేతిలో ఒక గద కూడా ఉంది. దాన్ని వాడగా మేమెవరం చూడలేదు.

వైద్యం చెయ్యడం ఎవరికీ ఇష్టముండదు. అందుకే బల్ల దగ్గరికి చివర చేరినవాళ్లు చెయ్యాలని ఆచారం. మార్లిస్ చేరినప్పుడు ఆవిడే చివర. తర్వాత కర్టిస్ వచ్చాడు. వస్తూనే గొడ్డలి కావాలన్నాడు. మేం సరేనన్నాం. ఆచారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

గొడవంతా ఆట నియమాల పుస్తకం ఎడిషన్ల గురించే అనుకున్నాం. బావది పాత ఎడిషన్. అట్టలు ఊడి, టేపు మీద టేపు పడిన పుస్తకం. అందులో రోజంతా మంచమెక్కి పడుకుంటే ఒక్క పాయింటు తిరిగొస్తుంది. కర్టిస్ కొత్త ఎడిషన్ కొన్నాడు. అందులో ఒక్క రాత్రి నిద్రపోతే ఒళ్లంతా బాగైపోతుంది.

"బాబాయ్, ఒక్క రాత్రి. అంతే. పొద్దున్నే లేచి మళ్లీ గుహలోకి పోవచ్చు" అంటాడు కర్టిస్.

"పక్కటెముకలు విరిగినవాడు పొద్దున్నే లేచి గుహలోకి పోతాడా?"

"వాడు మంత్రంతో ఎగిరే కప్పతో కొట్లాడాడు బాబాయ్. అదెలా నమ్మావు?"

"కప్ప సంగతి వేరు."

ఈ మాటలే ప్రతి శనివారం. ఒక చలికాలమంతా మా పాత్రలు అడవి గుడిసెలో మంచాల మీదే ఉన్నాయి. బావ రోజుకోసారి పాచిక వేసి, ఇవాళ వాన, ఇవాళ పొగమంచు అని చెప్పేవాడు. మేం తలా ఒక పాయింటు రాసుకునేవాళ్లం. ఆట ఆడటానికి వచ్చి ఆసుపత్రిలో కూర్చున్నట్టుండేది. విసుగెత్తి నేనే ఒక ఒప్పందం చెప్పాను. నిద్రకు సగం బాగవ్వాలి, మిగతా సగం పాత లెక్క. బావ దానికీ ఒప్పుకోలేదు.

"గడ్డి అటక మీంచి నేను పడ్డప్పుడు భుజం మానడానికి చలికాలమంతా పట్టింది" అన్నాడు ఒకసారి.

మెట్ల పైనుంచి అక్క అరిచింది. "ఆ చలికాలంలో నువ్వు పడుకున్నావా? ఒక్కరోజన్నా పడుకున్నావా? చెప్పు వాళ్లకి!"

బావ పుస్తకంలో పేజీ తిప్పాడు. ఆ భుజం ఇప్పటికీ పైకి లేవదు.

జనవరిలో ఒక శనివారం గని లోపల రాక్షసుడు ఎదురయ్యాడు. కర్టిస్ గొడ్డలి విసిరాడు. నేను వెనకనుంచి పొడిచాను. రాక్షసుడు నన్ను గోడకేసి కొట్టాడు. రబ్బరు నా దగ్గరికి జరిగింది. నాకు రెండు పాయింట్లు మిగిలాయి.

మార్లిస్ వంతు వచ్చింది. ఆవిడ చీజ్ ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలింది.

"గదతో కొడతాను" అంది.

నేను నా కాగితం ఎత్తి ఆవిడకు చూపించాను.

"మార్లిస్ అక్కా, నాకు రెండే ఉన్నాయి" అన్నాను.

"చూశాను లైల్. కళ్లున్నాయి నాకు."

"కొట్టు, నీ ఇష్టం. లైల్ మాత్రం చస్తాడు" అన్నాడు బావ.

"ఆంటీ, ప్లీజ్, లైల్‌కి చెయ్యండి. తర్వాత నాక్కూడా. నాకూ తగ్గాయి" అన్నాడు కర్టిస్.

ఆవిడ ముగ్గురినీ వరసగా చూసింది. బస్సులో వెనకసీటు పిల్లల్ని అద్దంలోంచి చూసినట్టు చూసింది. తర్వాత ప్రార్థించింది. నా పాయింట్లు పెరిగాయి. నేను రాసుకున్నాను. థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయాను.

ఆట అయ్యాక ఆవిడ పాచికల్ని విస్కీ సీసాతో వచ్చే ఊదారంగు సంచిలో వేసి తాడు బిగించింది.

"పక్క ఊరి లైబ్రరీలో ఈ ఆటాడే బల్ల ఒకటుంది. రమ్మంటున్నారు. వచ్చే శనివారం నుంచి అక్కడికే పోతాను."

మార్లిస్ లేకపోతే మా బల్ల లేదు. ఇద్దరితో ఆట నడవదు. కర్టిస్‌కి ఎటూ వేరే స్నేహితులున్నారు. బల్ల పోతే బావకి శనివారం కూడా మిగతా రోజుల్లా అయిపోతుంది. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. బావ మొహం పాలిపోయింది.

"వాళ్లది కొత్త ఎడిషనా?" అని అడిగాడు.

అంత జరిగాక ఆ మనిషి అడిగింది అది. నాకు ఫ్రీజర్‌కేసి తల కొట్టుకోవాలనిపించింది.

"ఏ ఎడిషనైతే నాకేంటి డువేన్! మీరు ఏ పుస్తకం తెరిచినా మీ గాయాలు నేనే కదా కడుతున్నాను. ఇంటి దగ్గర మా ఆయన మోకాలు నేనే చూసుకోవాలి. బస్సులో ఎవడి ముక్కులోంచి రక్తమొచ్చినా నేనే తుడవాలి. ఇక్కడికొస్తే మళ్లీ ఇదా? ఒక్క రాక్షసుణ్ని, ఒక్కణ్ని, నా చేత్తో కొట్టనిచ్చారా?"

ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది. అక్క పెట్టిన తియ్యటి బిళ్లలు కూడా తీసుకోలేదు. మార్లిస్ వాటిని వదిలిపెట్టి వెళ్లడం అదే మొదలు.

బావ చాలాసేపు బల్ల తుడిచాడు. "సగం సగం ఒప్పందానికి ఒప్పుకుంటానని చెప్పనా?" అన్నాడు.

అక్క గిన్నెలు తియ్యడానికి కిందికొచ్చింది. "నీకు అర్థం కాలేదా, అర్థం కానట్టు ఉన్నావా? ఆమెకి నర్సు పని వద్దు."

"మరి ఎవరు చేస్తారు వైద్యం?"

"నీకు చేతుల్లేవా?"

"నేను కథ నడపాలిగా."

అక్క గిన్నెలు ఎత్తుకుంది. పైకి వెళ్లిపోయింది. బావ రబ్బరును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. నేను ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. బండి తియ్యమన్నాడు. రాత్రి మంచు పడింది. అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని ఎక్కాడు. మార్లిస్ తలుపు తీసినప్పుడు ఇంకా నైట్ గౌనులో ఉంది.

"చర్చికి తయారవ్వాలి డువేన్."

"కాసేపే."

వంటింటి బల్ల మీద పెట్టెలోవి ఒక్కొక్కటే తీశాడు. టేపులేసిన పుస్తకం, ఆట నడిపేవాళ్లు తమ ముందు పెట్టుకునే అట్టతెర, గని పటం. అన్నీ మార్లిస్ కూర్చునే వైపు సర్దాడు. చివర రబ్బరు పెట్టాడు. తను ఎదురు కుర్చీలో కూర్చుని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. కొత్త పాత్ర. కాగితం ఇంకా ఎక్కడా పల్చబడలేదు.

"బ్రదర్ అన్‌స్గార్. వైద్యుడు. కథ నువ్వు నడుపు. రాక్షసులందరూ నీవాళ్లే. ఎవర్ని కావాలంటే వాళ్లని కొట్టు."

మార్లిస్ కాఫీ పోసుకుంది. మాకు పొయ్యలేదు.

"కొత్త ఎడిషన్‌లో అయితే నడుపుతాను."

"కుదరదు" అన్నాడు బావ.

నేను కళ్లు మూసుకున్నాను.

"నీ పుస్తకం ప్రకారం ఆటలోకి కొత్తగా వచ్చిన వైద్యుడికి ఒక్క ప్రార్థన కూడా రాదు డువేన్. గీరుకుపోయినా మాన్పలేడు. దేనికి పనికొస్తాడు నీ బ్రదర్?"

"నేర్చుకుంటాడు. అందాకా కట్లు కడతాడు."

ఆవిడ నవ్వింది, చాలా కొంచెం. పోయి మరో రెండు కప్పులు తెచ్చింది. కాఫీ పోసి, తెర తెరిచి నిలబెట్టి, దాని వెనక కూర్చుంది. చర్చి గంట వినబడింది. ఎవరూ లేవలేదు.

"బ్రదర్ అన్‌స్గార్ గని మెట్లు దిగుతున్నాడు. మెట్ల మీద మంచు" అంది. పాచిక వేసింది. తెర వెనక చూసుకుంది. ఏమీ చెప్పకుండా, చూపుడువేలితో రబ్బరును బావ వైపు జరిపింది.

బావ దాన్ని తీసుకుని, చెరుపుకున్నాడు.