నాలుకతో చూసిన పసుపు

రంగుల తాత మహా గర్విష్ఠి. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. జరిగిన అనర్థానికి మూలం దురాశ కాదు, సోమరితనం అంతకంటే కాదు, ఆ గర్వమే. మీసాలు రాని వయసులో చెక్కబొమ్మల కార్ఖానాలో చేరి, తల నెరిసేదాకా ఒకే బల్ల ముందు కూర్చున్న మనిషి. గుర్రానికి కన్ను దిద్దాలన్నా, బాతు ముక్కు మీద గీత తిప్పాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఎవరైనా సలహా ఇవ్వబోతే "తాతకు దగ్గులు నేర్పకండ్రా" అని కుంచె విదిలించేవాడు. అందుకే నిండా నడివయసైనా రాకముందే ఆయనకు తాత అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ కార్ఖానాలో ఓ అలవాటు ఉండేది. రంగు ఆరిందో లేదో వేలితో చూస్తే ముద్ర పడుతుంది. అందుకని నాలుక కొసతో తాకి చూసేవారు. అంటుకుంటే పచ్చి, జారితే ఆరినట్టు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, పనిలో చేరిన ప్రతివాడికీ మొదట నేర్పేది ఇదే. సాయంత్రాలు కడుపులో మెలిపెట్టినట్టుంటే ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్‌ని తిట్టుకునేవారు తప్ప, బొమ్మని అనుమానించినవాడు లేడు.

పసుపు రంగు అక్కడ రెండు రకాలు. కొత్తది పాలిపోయినట్టుంటుంది, పూత మీద పూత వేస్తే గానీ కట్టె కనబడకుండా పోదు. పాతది ఒక్క పూతకే నిగనిగలాడుతుంది. రంగుకి పరీక్షలూ గట్రా అడిగే పెద్ద కొట్లకు వెళ్ళే సరుక్కి కొత్తది వాడమన్నాడు యజమాని. ఎందుకని ఎవరూ అడగలేదు. తాత దానికి రోగిష్ఠి పసుపు అని పేరు పెట్టాడు. తనవాళ్ళ కోసం బొమ్మ చేస్తే మాత్రం పాత డబ్బా మూతే తీసేవాడు. పిల్లల దగ్గర పిసినారితనం ఏమిటని ఆయన ఉద్దేశం.

మనవరాలు పుట్టాక కోడలికి ప్రతిదాని మీదా అనుమానమే. ప్లాస్టిక్ గిలక్కాయ వాసన చూసి పారేసింది. కళ్ళు ఊడొచ్చేలా ఉన్న గుడ్డ ఎలుగుబంటిని, బ్యాటరీ మూత వదులుగా ఉన్న కారుని గడప దాటనివ్వలేదు. "అనుమానం పెనుభూతం" అని మామగారు నవ్వుతూ ఉండేవాడు. అంత అనుమానం మనిషికీ నమ్మకమైన చోటు ఒకటి కావాలి కదా. ఆమె మామగారి చేతిపనిని నమ్మింది. నమ్మేముందు ఒక్కసారి అడిగింది కూడా.

"మామయ్యా, చిట్టికి పళ్ళొస్తున్నాయి. ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటోంది. మీ రంగు లోపలికి పోతే పర్లేదా?"

"నా నోటితో చూడకుండా ఒక్క బొమ్మ బయటికి పంపనమ్మా. ఇన్నేళ్ళుగా నాకేమైంది? గుండ్రాయిలా లేనూ?"

కోడలు కుదుటపడింది. తాత తన కళనంతా పోసి ఓ పసుపుపచ్చటి బాతును చేసి ఇచ్చాడు.

చిట్టి ఆ బాతును చంక దించలేదు. నిద్రలోనూ దాని తల నోట్లోనే. కొన్నాళ్ళకు తల దగ్గర కట్టె తేలింది. చూసి తాత మురిసిపోయాడు. "చూశావా, నా రంగు దీనికెంత నచ్చిందో" అంటూ బాతును కార్ఖానాకు పట్టుకెళ్ళి, మళ్ళీ పాత పసుపు పట్టించి, ఆరిందని నాలుకతో చూసుకుని తెచ్చిచ్చాడు. పిల్ల మళ్ళీ నాకేసింది. ఆయన మళ్ళీ వేశాడు. ఆ ఇంట్లో అదొక ముచ్చట అయింది. ఎన్ని పూతలు ఆ పసిదాని కడుపులోకి పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ముద్దుముద్దుగా నాలుగు మాటలు నేర్చిన పిల్ల, ఒక్కొక్కటే మరిచిపోవడం మొదలుపెట్టింది. మొదట "పాలు" పోయింది. తర్వాత "తాతా" పోయింది. ముఖం పాలిపోయింది, తిన్నది ఇమడదు, ఊరికే ఏడుపు. కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే అన్నారు ఇరుగుపొరుగు. రాకపోవడం వేరు, వచ్చినవి పోవడం వేరని తల్లికి తెలియదా? పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. తాత వెంట వెళ్ళాడు.

డాక్టరమ్మ రక్తం తీయించి, ఫలితం వచ్చాక మళ్ళీ పిలిపించింది. పిల్ల చేతిలో ఉన్న బాతు వంక చాలాసేపు చూసింది.

"దీన్ని ఎప్పుడూ ఇలాగే నాకుతుందా?"

"ఎందుకో దీనంటేనే అంత ఇష్టమండీ" అంది కోడలు.

"తియ్యగా ఉంటుంది కదమ్మా" అన్నాడు తాత, తన పనిని మెచ్చుకున్నంత సంబరంగా. "కొత్త పసుపు చప్పన. ఇది అసలైన సరుకు."

డాక్టరమ్మ బాతును పిల్ల చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. పిల్ల రక్తంలో సీసం ఉంది. ఇలాంటి రంగుల్లో అది కలుస్తుంది, పసిపిల్లల మెదడుకి అది చెదపురుగులాంటిది. బొమ్మ ఆపితే రక్తంలోది నెమ్మదిగా తగ్గుతుంది. పోయిన మాటల్లో ఎన్ని తిరిగొస్తాయో మాత్రం తను చెప్పలేనంది.

"పెద్దాయనా, ఇలాంటివి ఇంకెవరికైనా ఇచ్చారా?"

ఇవ్వకేం. ఆ వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ఉయ్యాల్లోకి మొదట చేరేది రంగుల తాత బాతే. అడగకపోయినా ఇచ్చేవాడు. ఏళ్ళ తరబడి ఇచ్చాడు.

పిల్లని భుజాన వేసుకుని కోడలు ముందు నడిచింది. ఇంటి మెట్ల దగ్గర మాత్రం ఆగింది. "కావాలని చేశారని నేననను మామయ్యా. కానీ ఆరోజు నేను అడిగినప్పుడు, నాకు తెలియదమ్మా అని ఒక్క మాట అనుంటే సరిపోయేది."

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి.

మర్నాడు యజమాని దగ్గరికి వెళ్ళి పాత డబ్బాలు ఆపేద్దామన్నాడు. "కొనేవాళ్ళు మెరుపు చూసి కొంటారు, నీ మనవరాలిని చూసి కాదు" అన్నాడాయన. తాత బల్ల దగ్గరివాళ్ళకి నాలుక పెట్టొద్దని చెప్పాడు. ఒకడు నవ్వాడు, మిగతావాళ్ళు తల దించుకుని పని చేసుకున్నారు. పొట్టకూటి దగ్గర ఎవరు మాత్రం ఏమంటారు. తాత కుంచెలు అక్కడే వదిలేసి, ఓ సంచి భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు.

ఒకింట్లో ఆయన చెప్పింది సగం వినకుండానే బాతును సంచిలో పడేసి తలుపు మూసేశారు. ఇంకో ఇంట్లో, "మావాడు బంగారంలా ఉన్నాడు, మీ చాదస్తం గానీ" అని ఇవ్వనన్నారు. ఆయన వాళ్ళ గుమ్మంలో చేతులు జోడించి నిలబడి, తీసుకునే కదిలాడు. పరువు సంగతి ఆయనకి గుర్తు కూడా రాలేదు.

చివరికి బట్టలు కుట్టే ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె కొడుకుని వీధంతా మొద్దబ్బాయి అంటారు. ఈడు పిల్లలంతా పై తరగతులకు వెళ్ళిపోతుంటే, వాడు అక్షరాలు కూడబలుక్కోలేక వెనకే ఉండిపోయాడు. ఆ పేరుతో వాణ్ణి తాత కూడా పిలిచేవాడు, నవ్వుతూనే.

ఆమె మిషను ఆపి అంతా విన్నది. సీసం సంగతి, మాటల సంగతి, మనవరాలి సంగతి. మీ అబ్బాయికీ ఓసారి రక్తపరీక్ష చేయించమ్మా అని చెప్పాడు తాత. ఆమె లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలో దాచుకున్న బాతును తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాని మీద రంగన్నదే లేదు. ముక్కు నుంచి తోక దాకా ఉత్త కట్టె.

వెనక గదిలో పిల్లాడు ఏదో పాఠాన్ని తప్పులతడకగా చదువుకుంటున్నాడు. ఆమె ఆ గొంతు వినబడినంతసేపూ అటే చూసింది.

"చదువు రావట్లేదని వాణ్ణి నేనెంత కొట్టానో మీకు తెలుసా బాబాయ్ గారూ?" అంది.