మా నాయన ఫైరింజను, మద్దిలేటి ఎద్దు

పోయిన వారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నానో లేదో, కిటికీలోంచి తడి బూడిద వాసన వచ్చింది. కర్నూలులో మేముంటున్న వీధి చివర ఎవరో ఎండుటాకులూ చెత్తా పోగేసి అంటించి, మంట పక్కింటి గోడ మీదికి ఎగబాకేసరికి భయపడి బిందెడు నీళ్లు గుమ్మరించారట. కాలినదాని వాసన వేరు, కాలి తడిసినదాని వాసన వేరు. ఈ రెండోది ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. చిన్నప్పుడు అది మా నాయన చొక్కా వాసన.

మా నాయన ఓబులేసు ఫైరింజను డ్రైవరు. బనగానపల్లెకు పోయే దోవలో ఉన్న ఒక చిన్న పట్టణంలో ఆయన ఉద్యోగం. బండి నడపడమూ, మంట దగ్గరికి చేరాక పంపు తిప్పి నీళ్లు వదలడమూ రెండూ ఆయన పనే. ఎర్ర బండి నిలిచే రేకుల షెడ్డు, దాన్నానుకొని ఫోను ఉండే చిన్న గది, వెనకవైపు సిబ్బందికి వరసగా కట్టిన ఇళ్లు, మధ్యలో వేపచెట్టొకటి, తడి పైపులు ఆరేయడానికి నిలబెట్టిన ఎత్తయిన ఇనుప స్తంభమొకటి. షెడ్డు దూలానికి ఇత్తడి గంట వేలాడేది. ఆ గంటే మా ఇళ్లకు పెద్ద. అది ఊరుకుంటే మేము తిన్నాం, నిద్రపోయాం, తలలు దువ్వుకున్నాం. అది మోగితే ఏ పని ఎక్కడుంటే అక్కడే ఆగిపోయేది.

మా నాయన ఏనాడూ బాసిపట్లు వేసుకొని అన్నం తినడం నేను చూడలేదు. ఒక మోకాలు పైకి లేపి, మడమ మీద బరువు పెట్టి, వాకిలి వైపు మొహం తిప్పి కూర్చునేవాడు. పప్పు ముందు, చారు తర్వాత, మజ్జిగ ఆఖర్న అనే వరస మా ఇంట్లో లేదు. మా అమ్మ నారాయణమ్మ జొన్నసంకటి ముద్దలో గుంట చేసి ఊరిబిండి పచ్చడీ నెయ్యీ అందులోనే పెట్టి, మజ్జిగ చెంబు పక్కనే ఉంచేది. సగం తిన్నాక గంట మోగితే మిగిలిన ముద్దను ఆకులో చుట్టి ఆయన జేబులో కుక్కేసేది. ఒక్కోసారి ఆ ముద్ద సాయంత్రం నల్లగా పొగచూరి మళ్లీ ఇంటికే వచ్చేది.

మాఘం దాటితే చాలు, మా అందరికీ కుదురు పోయేది. నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి, కుందూ నదిలో నీళ్లు మడుగులుగా మిగిలి, పడమటి గాలి దుమ్మును చుట్టలు చుట్టుకొని లేచే రోజులవి. ఊళ్లలో ప్రతి ఇంటి వెనకా చొప్ప వాములుండేవి, బుడ్డలు ఒలిచాక మిగిలిన కట్టె వాములుండేవి, వాటినానుకొనే బోదగడ్డితో కప్పిన కొట్టాలు. వేరుశనగను మేము బుడ్డలంటాం. ఎవరో చుట్ట పారేసినా, పొయ్యిలోంచి ఒక్క నిప్పురవ్వ గాలికి లేచినా వీధి వీధే పోయేది. మామిడి కోతల కాలంలో తోటల్లో కాయలు మాగేయడానికి తెచ్చిన గడ్డి కూడా అంతే. క్వార్టర్ల ఆడవాళ్లు మిద్దె మీద బట్టలారేస్తూ నాలుగు దిక్కులూ చూసేవాళ్లు, ఎక్కడైనా పొగ కనిపిస్తే గంట కన్నా ముందు మా అమ్మ గొంతే వినిపించేది.

బండి పోయాక మాకు మిగిలేది ఎదురుచూపు. మేము ఆడుకునే ఆటలు కూడా బండి ఆటలే. చిరిగిన పాత పైపు ముక్కను ఒకడు పట్టుకొని డ్రైవరయ్యేవాడు, ఒకరు గంటయ్యేవాళ్లు, ఓడిపోయినవాళ్లు వామి. పక్కింటి బాషా మామ మా నాయనతోపాటు బండి మీద పోయే ఫైర్‌మన్. వాళ్లింట్లో రంజాను నాడు సేమ్యా పాయసం గిన్నెలకు పోసి పెట్టేవాళ్లు, మగవాళ్లు ఎప్పుడొస్తే అప్పుడు పండగ. దీపావళి రాత్రంతా మగవాళ్లు బండి మీదే ఉండేవాళ్లు కాబట్టి ఆ పండగ మాకు మరుసటి రోజే. పీర్ల పండగప్పుడు మాత్రం గుండంలో నిప్పులు కణకణలాడుతుంటే ఊరంతా చుట్టూ తిరిగి ఎగిరేది, మా నాయన కొంచెం దూరంలో బండి నిలిపి, నీళ్ల బకెట్లు వరసగా పెట్టుకొని, నవ్వే మొహంతో నిలబడేవాడు. నిప్పు దగ్గర ఆయన నవ్వగా చూసింది అక్కడ ఒక్కచోటే.

బడిలో నా పక్కన కూర్చునేది సుంకులు. సుంకులమ్మ దానికి పూర్తి పేరు. పొలాల వెంబడి నడిచి పక్క ఊరి నుంచి వచ్చేది, ఓణీ కొంగులో వేయించిన బుడ్డలు మూటగట్టుకొచ్చి పాఠం జరుగుతుండగా నా చేతిలో పోసేది. వాళ్ల నాయన మద్దిలేటికి కొంచెం మెట్ట పొలం, ఒక జత ఎద్దులు. ఆ ఎద్దుల కొమ్ములకు ఏ రంగు పూశారో, ఏది పొడుస్తుందో, ఏది మెడ గోకితే కళ్లు మూసుకుంటుందో, అన్నీ నాకు సుంకులు చెప్తేనే తెలుసు.

ఆ ఏడు ఎండలు మొదలైన కొత్తలో, ఒక మధ్యాహ్నం మేము బడిలో ఉండగా సైకిలు మీద ఒకాయన ఆయాసపడుతూ వచ్చి సుంకులును బయటికి పిలిచాడు. దాని ఊరు కాలుతోంది. పుస్తకాలు వదిలేసి అది పొలాల్లోకి పరిగెత్తింది. నేను ఇంటి వైపు పరిగెత్తాను. షెడ్డులో బండి ఉంది గానీ కదలడం లేదు. పొద్దున్నే ఇంకో ఊళ్లో వాములార్పి ఖాళీ ట్యాంకుతో వచ్చారు. నింపుకోవడానికి బోరు మోటారు వేస్తే కరెంటు లేదు. మా నాయన, బాషా మామ, క్వార్టర్ల ఆడవాళ్లు, కనిపించినవాళ్లందరూ చేదబావి నుంచి బిందెలతో మోసి పోస్తున్నారు. నేనూ ఒక చెంబు తీసుకున్నాను. ఎన్ని పోసినా ఆ ట్యాంకు కడుపులో చప్పుడు తప్ప నీళ్లు కనిపించలేదు. ఆఖరికి కరెంటు వచ్చింది, బండి పోయింది.

సాయంత్రం నాయన వచ్చినప్పుడు నుదుటి మీద బట్ట చుట్టి ఉంది, చొక్కా ముందు భాగమంతా నెత్తురు. వీళ్లు చేరేసరికి వాములు, కొట్టాలు, నాలుగిళ్లు పోయాయి. మద్దిలేటి ఎద్దుల్లో ఒకటి కట్టుగొయ్య దగ్గరే కాలిపోయింది. బండి కనిపించగానే జనం రాళ్లెత్తుకున్నారు. రాళ్లు పడుతున్నా మా నాయన పంపు దగ్గర్నుంచి కదల్లేదని, మిగిలిన వీధి దానివల్లే నిలిచిందని బాషా మామ చెప్పాడు. పోలీసులకు చెబుదామని ఫైర్ స్టేషన్ ఆఫీసరు అడిగితే, ఎవరు వేశారో చూడలేదని నాయన అన్నాడట.

ఇంట్లో అమ్మ గాయం కడుగుతూ ఊరుకోలేదు. "నిజం చెప్పు. ఎవుడేసినాడు?"

"మద్దిలేటి."

"చూసి గూడ చూడల్యా అంటివా?"

"ఎద్దు కండ్ల ముందర కాలిపాయ ఆయప్పకు. చేతిలో రాయి తప్ప ఇంగేముండాది?" అన్నాడు నాయన.

సుంకులు చాలా రోజులు బడికి రాలేదు. వచ్చినప్పుడు వేరే వరసలో, నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను దగ్గరికి పోతే "మీ నాయన శానా లేటుగా వచ్చినాడు" అని మాత్రం అంది. మళ్లీ మాట్లాడలేదు. ట్యాంకులో పోసిన నా చెంబు గురించి చెప్పాలని ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. చెబితే ఏమవుతుందో తెలియక ఊరుకున్నాను. ఆ ఏడాది నాకు బడిలో ఉంటే ఇంటికి పోవాలనీ, ఇంట్లో ఉంటే బడికి పోవాలనీ ఉండేది. ఎక్కడున్నా అక్కడ కాలు నిలిచేది కాదు.

మళ్లీ ఉగాది వచ్చింది. అమ్మ పొద్దున్నుంచీ పూర్ణం రుబ్బి భక్షాలు చేసింది. నాయన తలంటుకొని, కొత్త పంచె కట్టుకొని కంచం ముందు కూర్చున్నాడు. వేడి భక్షం మీద నెయ్యి ఇంకా కరుగుతూనే ఉంది. వాకిట్లో ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే సుంకులు. కాళ్ల నిండా దుమ్ము, చెంపల మీద కన్నీళ్ల చారలు, ఊపిరాడడం లేదు. ఏడాది తర్వాత నాతో అది మాట్లాడిన మొదటి మాట, "మీ నాయన యాడుండాడు?"

మిగిలిన ఆ ఒక్క ఎద్దు మేతకు పోయి, గట్టు కూలిన ఎండు బావిలో పడిపోయింది. ఊరివాళ్లు మోకులు వేసి లాగితే అది ఒరిగి ఇంకా కిందికి జారిందట. ఫైరింజనును పిలుద్దామంటే మద్దిలేటి ఏ మొహంతో పిలవాలన్నాడట. పెద్దవాళ్లు అక్కడ అలా తర్జనభర్జన పడుతుండగానే సుంకులు చెప్పాపెట్టకుండా పొలాలకడ్డం పడి వచ్చేసింది.

నాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పండగ పూట పస్తుతో పోతాండావా? నీ నెత్తిన రాయేసినోని ఎద్దు కోసరం?"

"రాయి ఎద్దు ఏసిందా?" అన్నాడు నాయన, బూట్లలోకి కాళ్లు దూరుస్తూ.

అమ్మ పక్కకు జరిగింది. గంట మోగింది. దారి చూపించాలని సుంకులును ముందు సీట్లో, మా నాయనకూ బాషా మామకూ మధ్యన కూర్చోబెట్టుకున్నారు. పుట్టినప్పటి నుంచి ఆ బండి పక్కనే పెరిగిన నన్ను ఒక్కరోజు కూడా ఎక్కనివ్వలేదు. బండి తన ముందున్న చిన్న గంట మోగించుకుంటూ గేటు దాటుతుంటే సుంకులు నెత్తి ఒక్కటే కనిపించింది. దాని ఎద్దు బతకాలని నాకుంది, ఆ సీటు నాది కావాలనీ ఉంది.

అక్కడ జరిగింది తర్వాత బాషా మామ చెప్పగా విన్నాను. డ్రైవరు బావిలో దిగాల్సిన పని లేదు. కానీ మిగతావాళ్లు పట్నంలో పుట్టి పెరిగినవాళ్లు, భయపడిన ఎద్దును చేత్తో నిమిరి నిలబెట్టడం వాళ్లకు తెలియదు. మా నాయన ఆలూరు దగ్గర పల్లెలో మడకల మధ్య, ఎద్దుల మధ్య పెరిగినవాడు. తాడు నడుముకు కట్టుకొని దిగాడు. మోకు చర్మాన్ని కోయకుండా ఉంటుందని పాత పైపులను వెడల్పుగా ఎద్దు పొట్ట కిందుగా తోసి కట్టాడు. దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో మాట్లాడుతూనే ఉన్నాడట. పైనుంచి ఊరంతా మోకులు పట్టుకుంది, మొదటి మోకు మద్దిలేటిది. ఎద్దు కాళ్లు నేల విడిచిన క్షణంలో అది బెదిరి ఒక్క ఊపు ఊగి మా నాయనను బావి గోడకు అదిమేసింది. ఆయన కుడి భుజం విరిగిన చప్పుడు పైవాళ్లకు వినిపించిందట. "లాగండప్పా, నిలపగాకండి!" అని ఆయన లోపల్నుంచి అరుస్తూనే ఉన్నాడట. ఎద్దు ప్రాణంతో పైకి వచ్చింది.

మరుసటి రోజు బడిలో సుంకులు వచ్చి ఏమీ జరగనట్టు నా పక్కన కూర్చుంది. కాసేపటికి నా చేతిలో బుడ్డలు పోసి, "బండి మీద గంట నేనే కొట్నా తెలుసా" అంది. అంతే, మళ్లీ ఎప్పటి మాదిరే అయిపోయాం.

భుజం మాత్రం ఎప్పటి మాదిరి కాలేదు. కట్టు కట్టించాం, పెద్దాసుపత్రికి పోయాం. చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. ఆ పాత బండి స్టీరింగు తిప్పడానికి ఒంట్లో బలమంతా కావాలి. ఆయనను ఫోను గదిలో వేశారు. ఫోను వస్తే రాసుకోవడం, ఎడమ చేత్తో గంట కొట్టడం, ఉద్యోగం ముగిసేదాకా అదే పని. గంట కొట్టిన ప్రతిసారీ ఆయన తానే పోబోతున్నట్టు గుమ్మం దాకా వచ్చేవాడు. ఎవరో కొత్త డ్రైవరు బండి తీసుకొని పోయేవాడు. దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడి, మళ్లీ లోపలికి పోయి కూర్చునేవాడు. కూర్చున్నా, కాలు ఆడిస్తూనే ఉండేవాడు.

మద్దిలేటి ఏనాడూ ఆ రాయి మాట ఎత్తలేదు, మా నాయనా ఎత్తలేదు. పంట వచ్చిన ఏడు బుడ్డల మూట ఒకటి ఫోను గది అరుగు మీద దించి, "పాపోళ్లకు" అని వెళ్లిపోయేవాడు. నాయన చనిపోయిన రోజు అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా ఆఖర్న పోయింది ఆయనే.

మొన్న కొత్త ఇంట్లో చేరుతూ సుంకులు పిలిస్తే వాళ్ల ఊరికి పోయాను. ఊళ్లో ఇప్పుడు బోద కొట్టమనేది లేదు, అన్నీ సిమెంటు మిద్దెలే. వాములు లేవు. ఎద్దులు లేవు, ట్రాక్టర్లే దున్నుతున్నాయి. బావిని రాళ్లూ మట్టీ పోసి పూడ్చేశారు, దాని మీద కంది వేశారు. మేము పెరిగిన క్వార్టర్లు కూడా కూలగొట్టారు. కొత్త స్టేషను ఊరి బయట ఉంది, పిలుపు సెల్లులోనే వస్తుంది.

మద్దిలేటి కొత్త ఇంటి వసారాలో మంచం మీద ఉన్నాడు. చూపు బాగా తగ్గింది. సుంకులు నా పేరు చెబితే చేత్తో తడిమి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లోపల భక్షాల పళ్లెం పట్టుకొని సుంకులు పిలుస్తోంది.

"మీ నాయన బుజం నొప్పి తగ్గిండెనా పాపా, ఆకర్న?" అన్నాడు.

చలికాలం వస్తే మా నాయన తెల్లవార్లూ ఎడమ చేత్తో ఆ భుజం పట్టుకొని కూర్చునేవాడు. పోయే ముందు రోజు కూడా అమ్మ దానికే నూనె రాసింది.

"తగ్గిపాయ పెదనాయనా" అన్నాను.

ఆయన తల ఊపి, నా చెయ్యి వదలకుండా, అలాగే కూర్చున్నాడు.