కాచి చల్లార్చిన కోరిక

మా పక్కింటి మాణిక్యమ్మ వదినకు భయమంటే తెలియదని తెనాలిలో మా వీధంతా చెప్పుకునేది. దొడ్లోకి పామొస్తే చీపురుతోనే సాగనంపింది. అలాంటి మనిషి జన్మలో భయపడింది ఒక్కదానికే: బొద్దుగా పుట్టే పసిబిడ్డకు. ఆమె కొడుకు గోపాలకృష్ణ గుమ్మడికాయంత పుట్టి తల్లి ప్రాణం మీదికి తెచ్చాడట. తల్లి నోరు కట్టేసుకుంటే బిడ్డ చిన్నదై కాన్పు సుళువవుతుందని అప్పటినుంచీ ఆమె సిద్ధాంతం.

అరవై ఏడులో ఆ గోపాలకృష్ణ భార్య ప్రమీలారాణి నీళ్ళోసుకుంది. చెరుకుపల్లి పిల్ల. తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే. వదిన సిద్ధాంతానికి పిల్ల చేజిక్కింది. పాలు తాగితే బిడ్డ తల పెరుగుతుంది, గుడ్డు వేడి, పప్పు వాతం. మిగిలింది చారు.

అయిదో నెలలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నన్నెవరూ పిలవలేదుగాని, రిక్షాలో మూడోదాన్ని నేనే. డాక్టరమ్మ పిల్ల కంటిరెప్ప కిందకు లాగి చూసి ముఖం చిట్లించింది.

"ఒంట్లో రక్తమే లేదు. ఇలాగే ఉంటే కాన్పులో తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. పాలు, పప్పు, ఆకుకూరలు, ఉడికించిన గుడ్డు పెట్టండి. నిన్నటి కూరలు వద్దు. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వండి."

వదిన బుద్ధిగా తలూపింది. రిక్షా ఎక్కగానే, "ఆవిడకింకా పెళ్ళే కాలేదుటగా వదినా! కాన్పు సంగతి ఆవిడకేం తెలుస్తుంది?" అంది.

మళ్ళీ చారే.

ఒకరోజు బట్టలారేస్తూ ప్రమీల గోడ పట్టుకుని కూలబడింది. పరుగెత్తాను.

"కళ్ళు తిరుగుతున్నాయి పిన్నిగారూ."

"ఏం తిన్నావే?"

"చారండి."

"నంజుకోడానికి?"

"చారేనండి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు గుర్తొచ్చింది, వదినకు రెండో భయం కూడా ఉందని. చూలాలి కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకు చెవిలో చీము కారుతుందని ఆమె గట్టి నమ్మకం. ఆమె ఆడపడుచు కొడుకు వీరరాఘవయ్య చెవిలో దూదితోనే పెళ్ళిపీటలెక్కాడు. ఎప్పుడో వాళ్ళమ్మకు పనసతొన పెట్టకపోవడమే కారణమని వదిన ఇప్పటికీ చెబుతుంది. పిల్ల చెవిలో నాలుగు ముక్కలు ఊదాను.

మర్నాడు ప్రమీల, "అత్తయ్యా, మునగాకు పప్పు మీదికి మనసు పోతోంది" అంది.

వదిన చేతిలో గరిటె ఆగింది. ప్రమీల మెల్లిగా చెవి తడుముకుంది. మునగాకు దూయడానికి వదినే దొడ్లోకి నడిచింది. ఆ వారంలోనే పాలు కోరింది, తోటకూర కోరింది, గుడ్డు కోరింది. వదిన నోరు తెరిచినప్పుడల్లా ప్రమీల చెయ్యి చెవి దగ్గరకు పోయేది. పిల్ల బుగ్గల్లోకి రంగొచ్చింది.

అంతటితో ఆగిందా? "కాచి చల్లార్చిన నీళ్ళు తాగాలనుంది అత్తయ్యా" అనేసింది!

వదిన ఉరుకులు పరుగుల మీద నా దగ్గరకొచ్చింది.

"ఏంటి వదినా ఈ విడ్డూరం! చూలాలు మామిడికాయ అడుగుతుంది, చింతకాయ అడుగుతుంది. కాచిన నీళ్ళు అడగడం ఎక్కడన్నా విన్నావా?"

"ఏమో వదినా, కడుపులో డాక్టరున్నాడేమో."

నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. సాయంత్రం వాళ్ళ పొయ్యి మీద నీళ్ళు మరిగాయి.

నెలలు నిండి, కాన్పు సుఖంగా జరిగింది. ఆడపిల్ల. గుమ్మడికాయ కాదు, నిగనిగలాడే దోసకాయ. వదిన మనవరాలిని ఎత్తుకుని ముందు రెండు చెవులూ దీపం దగ్గర పెట్టి చూసింది.

కొన్నేళ్ళకు వదిన కూతురు, రేపల్లెలో ఇచ్చిన జయలక్ష్మి పురిటికొచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే, "అమ్మా, బస్టాండు దగ్గర చెరుకురసం తాగాలనుందే" అంది.

"ఆ ఈగల రసమా? అది కోరిక కాదు. నీ కోరిక మునగాకు పప్పు. కూర్చో, ముందు కాచిన నీళ్ళు తాగు."

వెనకనుంచి ప్రమీల నవ్వాపుకుంటూ చెవి తడుముకుంది.

"నీ చెవి సంగతి నాకు నీళ్ళడిగిన రోజే తెలిసిందిలేవే" అంది వదిన, నా వంక చూస్తూ.

"తెలిస్తే మరి పుట్టగానే పిల్ల చెవులెందుకు చూశావు వదినా?" అన్నాను.

"ఎందుకైనా మంచిదని."