తేలని తేలు

జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను జంతుశాస్త్రం చెప్పేదాన్ని. జీవుల వర్గీకరణ పాఠం వచ్చిందంటే పిల్లలకు నిద్ర, నాకు చెమట. రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. ఈ మెట్లు వరుస తప్పకుండా గుర్తుండాలంటే ఏదో ఒక వాక్యం అల్లుకోవాలి. మా పిల్లలు అల్లుకున్నది ఇది: "రాయికల్ వదిలి తమ్ముడు క్రమంగా కువైట్ ప్రయాణం జేసిండు." మొదటి అక్షరాలు పట్టుకుంటే పరీక్ష గట్టెక్కుతుంది. చివర్లో జాతి కాస్తా 'జే'తి అవుతుంది గానీ, మార్కులకు అడ్డం రాదు. తరగతిలో సగం మందికి అది సొంత ఇంటి సంగతే కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరూ మరచిపోలేదు. నాకూ అంతే. మా తమ్ముడు వదిలింది రాయికల్ కాదు, కోరుట్ల. కువైట్ మాత్రం కువైటే.

నా కాపురం సిరిసిల్లలో. సాంచాలు, అంటే మరమగ్గాలు, బందయ్యాక మా ఆయన సాంచాలున్న చోటు వెతుక్కుంటూ భివండి పోయాడు. నేను కోరుట్లలో అవ్వ దగ్గరికి వచ్చి, రోజూ బస్సులో జగిత్యాలకు పోయి వచ్చేదాన్ని. ఇంట్లో అవ్వ, నేను, తమ్ముడి భార్య, ఆమె చంటిపిల్ల. అందరం ఆడవాళ్లమే. మా కుటుంబంలో మగజాతి మొత్తం ఫోన్లోనే నివసించేది.

తమ్ముణ్ణి తోటపని అని చెప్పి తీసుకుపోయి, ఎడారిలో గొర్ల మంద దగ్గర వదిలేశారు. మాట్లాడే మనిషి లేడు, జీతం లేదు. కొన్నాళ్లు ఓర్చుకుని ఒక నీళ్ల లారీ ఎక్కి పారిపోయి, దొంగచాటుగా కూలి పనులు చేసుకునేవాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. కఫీల్ అంటే అక్కడ వాడికి పని ఇచ్చిన యజమాని. గొర్లను ఎత్తుకుపోయాడని ఆ యజమాని కేసు పెట్టినట్టు తర్వాత ఎవరో చెప్పారు.

జంతువులకే కాదు, అక్కడ మనుషులకూ వర్గీకరణ ఉంది. కంపెనీ వీసా వాళ్లు పై మెట్టు. ఇళ్లలో పని చేసేవాళ్లు దాని కింద. ఏ మెట్టూ లేనివాడు ఖల్లివెల్లి. ఆ మాటకు అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అని అర్థమట. మా వైపు అది యజమానిని వదిలి పారిపోయిన మనిషికి పేరైంది. "ఫలానోడు ఖల్లివెల్లి అయిండు" అంటే ఇక అడగడానికి ఏమీ ఉండదు. బతాకా అనే గుర్తింపు కార్డు లేదు కాబట్టి రోడ్డు మీద పోలీసును చూస్తే పక్క సందులోకి తిరగాలి, జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని పడుకోవాలి. వర్గీకరణలో చోటు లేని జీవి ఉండదని నేను పాఠం చెప్పేదాన్ని. మా ఇంట్లోనే ఒకడున్నాడని పిల్లలకు చెప్పలేదు.

ఆ రోజు కాలేజీకి సెలవు. పొద్దున అవ్వ గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. మరదలు పిల్లకు నీళ్లు పోస్తోంది. ఫోన్ మోగింది. తమ్ముడు శుక్రవారం తప్ప ఫోన్ చేయడు. ఆ రోజు శుక్రవారం కాదు. గబగబా బటన్ నొక్కాను.

"అక్కా... కప్ప... కుట్టి..."

లైను తెగుతూ అతుకుతూ వస్తోంది. భయంలో మనిషికి తెలివి ముందు పోతుందంటారు గానీ, నాకు చదువు ముందుకొచ్చింది.

"కప్ప కుట్టుడేందిరా? కప్పకు కొండి ఏడిది? అది ఉభయచరం."

"ఉభయ... ఏందే? పాఠం జెప్పకక్కా, చెయ్యి మండుతాంది! మండ్రకప్ప గాదు అంటున్న. తేలు, తేలు! చెక్క పల్క లేవట్టినం, కింద ఉండె. కుట్టింది."

మా వైపు పెద్ద నల్లతేలును మండ్రకప్ప అంటారు. ఆ మాట చెవిన పడగానే అవ్వ చాట పక్కన పెట్టి లేచింది.

"ఏంది, మండ్రకప్పనా?"

"కాదంట. చిన్నదంట."

"చిన్నదా? గట్ల జెప్పు! పాణం పోయినంత పనైంది. పిల్లతేలు గదా, ఉల్లిగడ్డ రుద్దుమను. పొద్దుగూకేటాల్లకు దిగుతది." అవ్వ కూర్చుని మళ్లీ ఆకు అందుకుంది. మరదలు కూడా పిల్ల ఒళ్లు తుడుస్తూ ఊపిరి వదిలింది. ఫోన్లో వెనక నుంచి ఎవరో మగగొంతు కూడా అదే అంటోంది: "చిన్నదేరా, నల్లది గాదు గద. గాబరా వడకు."

మా ఇంటికీ కువైట్‌కూ మధ్య ఉన్న అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ 'చిన్నది' అనే మాటకు భయపడింది నేనొక్కదాన్నే.

ఎందుకంటే నాకు ఒక్క ముక్క తెలుసు. తేళ్లలో పరిమాణం చూసి భయపడకూడదు, కుటుంబం చూసి భయపడాలి. చాలా పెద్ద తేళ్లకు ముందరి కత్తెరలు లావుగా ఉంటాయి, తోక సన్నగా ఉంటుంది. వాటి బలం కత్తెరల్లో. ప్రాణం తీసేవి ఎక్కువగా ఒకే కుటుంబానివి: కత్తెరలు సన్నగా, తోక దొడ్డుగా. ఆ కుటుంబం పేరు బ్యూథిడే. నా నోట్లో అది బూతిడే అయ్యేది. "మేడమ్ బూతు మాట్లాడుతున్నరు" అని వెనక బెంచీలో నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రాలేదు.

"రంగు జెప్పు."

"పసుపు. ఎండుగడ్డి తీరు."

"ముంగట కత్తెర్లు?"

"అయ్యో అక్కా, నొస్తాంది అంటే కత్తెర్లంటవేందే!"

"జెప్పురా!"

"చెప్పుతోటి కొట్టినం, ఈన్నే ఉంది. ఆగు... సన్నగున్నయి. ఆడోల్లు జడకు వెట్టుకునే పిన్నుల లెక్క."

"తోక?"

"తోకనే దొడ్డుగుంది. పూసలు గుచ్చినట్టు."

గోడకు ఆనుకున్నాను. అయినా నాకేం తెలుసు? తేళ్లతో నా పరిచయం ఎంత? పాఠ్యపుస్తకంలో బొమ్మ ఒకటి, మా ల్యాబులో సీసా ఒకటి. ఆ సీసాలో తేలు రంగు వెలిసి, కాళ్లు సగం ఊడి, మీద 'జెర్రి' అని చీటీ ఉండేది. అది మార్చాలని ఏటా అనుకునేదాన్ని. అలాంటి నేను సముద్రం అవతల చెప్పు కింద నలిగిన పురుగుకు కుటుంబం నిర్ణయించాలి. ఆ తేలు ఏమిటో తేలితే తమ్ముడు మునుగుతాడు. తేలకపోతే ఇంకా లోతుగా మునుగుతాడు.

మునగడమంటే నిజంగా మునగడమే. దవాఖానకు పోతే ముందు బతాకా అడుగుతారు. అది లేదని తెలిస్తే పోలీసులు వస్తారు. పోలీసులు వస్తే గొర్ల కేసు పైకి తేలుతుంది. మా పక్క ఊరి మనిషి ఒకాయన అలాగే దొరికి లోపలికి పోయాడు. ఏ జైలులో ఉన్నాడో కూడా ఆయన ఇంటివాళ్లకు ఆచూకీ దొరకలేదు. నేను తప్పు చెబితే, అది ఉత్త పిల్లతేలైతే, ఉల్లిగడ్డతో పోయేదానికి వాణ్ణి నేనే జైలుకు పంపినట్టు. నేను చెప్పకపోతే, అది ఆ కుటుంబానిదే అయితే...

"ఇంకేమైతాంది నీకు? నొప్పి గాకుండ?"

"ఏం లేదు. చెమటలు వడుతున్నయి. నోట్లె ఉమ్మి ఊరుతాంది, ఊకె ఊరుతాంది. నాలుక మొద్దువారింది."

మాట కొద్దిగా ముద్దగా వస్తోంది. ఇందాక లైను తప్పనుకున్నాను. లైను తప్పు కాదు.

"దవఖానకు పో. ఇప్పుడే పో."

అవ్వ చేతిలో బీడీ విప్పుకుంది.

"ఏమంటున్నవే?" అంది అవ్వ. "దవఖానకు పోతే వట్టుకోరా? చిన్న పురుగుకు జైలుకు పొమ్మంటవా? ఇటియ్యి ఫోను!" గుంజుకుంది. "పోకు కొడుకా. అది సదువుకుంది గని దానికేం ఎరుక? ఉల్లిగడ్డ రుద్దుకో, పండుకో."

నేను మళ్లీ గుంజుకున్నాను. అవ్వతో పెనుగులాడటం ఆ వయసులో నాకు అదే మొదలు. మరదలు పిల్లను చంకనేసుకుని మా ఇద్దరి మధ్యకు వచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"వదినా, నువ్వు జెప్పు. ఒట్టేసి జెప్పు. గది గట్ల పాణం తీసే తేలేనా?"

"ఒట్టు వెయ్యలేను పిల్లా. నాకు సక్కగ ఎరుకలేదు. భయమైతాంది, గంతే."

ఆమె నా చేతిలో ఫోన్ తీసుకుని, అత్త వింటుండగానే భర్తతో అంది: "పో. జైల్ల వేస్తే వేయనీయి. పో."

అవతల ఫోన్ చేతులు మారింది. ఇందాకటి మగగొంతు. "చెల్లె, నేను మీ తమ్ముని రూముల ఉంట. కథలాపూరోన్ని. పొల్లగాడు గజగజ వణుకుతుండు. ఏం జేద్దామంటవు?"

"తీసుకపో అన్నా, నీ కాళ్లు మొక్కుత."

"నేను గూడ ఖల్లివెల్లినే చెల్లె. గేటు దాంక తీసుకపోత. లోపలికి రాను. నాకు గూడ పిల్లలున్నరు."

"తేలు ఎట్లుందో లోపల జెప్పుమను. పసుపుది, సన్న కత్తెర్లది అని జెప్పుమను."

"గదంత అరబ్బీల ఎట్ల జెప్తడు? తేలునే కాయిదంల సుట్టి జేబుల వెడుత."

ఫోన్ కట్ అయింది.

మధ్యాహ్నం ఆయనే ఒకసారి చేశాడు. గేటు దగ్గర దింపాడట. తమ్ముడు గోడ పట్టుకుని నడిచి లోపలికి పోవడం చూశాడట. అంతే. ఆ తర్వాత తమ్ముడి నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఒక ఆడగొంతు అరబ్బీలో ఏదో చెప్పి, అదే మళ్లీ ఇంగ్లీషులో చెప్పేది. ఏ భాషలోనైనా అర్థం ఒకటే: లేడు.

బతికాడో లేదో తెలియకుండా రోజులు నడిచాయి. మా అవ్వ నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడాల్సి వస్తే గోడతో అనేది: "సదువు సదువు అని సదివిపిస్తే, సదివినామె తమ్మున్ని పంపిచ్చింది." ఎక్కడికి పంపిందో అనేది కాదు. ఆ మాట నోట్లోకి రానిచ్చేది కాదు. నేను కాలేజీకి పోతూనే ఉన్నాను. బస్సులో ఫోన్‌ను గుప్పిట్లో పట్టుకునేదాన్ని, మోగితే వినపడదేమోనని. మోగితే ఎలా తీయాలా అని కూడా. ఒకరోజు పాఠం మధ్యలో ఒక పిల్ల అడిగింది: "మేడమ్, ఏ జాతో కరెక్టుగ తెల్వకుంటె ఏం జేస్తరు?" పిల్ల మంచి ప్రశ్న వేసింది. నేను బోర్డు వైపు తిరిగి, రాసిందే మళ్లీ రాశాను.

ఆదివారం సిరిసిల్లకు పోయాను. మా అత్తవారి వీధిలో ఒకాయన కువైట్ జైలులో ఉండి వచ్చి, మిగిలిన కొన్ని సాంచాల్లో ఒకదాని మీద పని చేస్తున్నాడు. సాంచా చప్పుడులో అరుస్తూ అడిగాను. ఆయన సాంచా ఆపలేదు. అరుస్తూనే జవాబు చెప్పాడు.

"లోపల ఫోన్లు గుంజుకుంటరమ్మా! మోగకుంటె సచ్చిండని గాదు! జైల్ల ఉన్నడని!"

"జైల్లనే ఉన్నడంటవా అన్నా?"

"దేవునికి మొక్కు, జైల్లనే ఉండాలె అని!"

ఆ మాటే ఇంటికి తెచ్చాను. మరునాడు అవ్వ దీపం పెట్టి, దేవుణ్ణి ఏదో గొణుగుతూ అడగడం విన్నాను. లోకంలో ఏ తల్లీ కొడుకు కోసం అడగనిది మా అవ్వ అడుగుతోంది.

ఫోన్ ఒక పగటిపూట వచ్చింది, నేను కాలేజీ నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పని వేళ. తెలియని నంబరు. మరదలు ఎత్తింది. ఒక్క క్షణం విని, నేల మీద కూలబడింది. నాకు అయిపోయిందనిపించింది. ఫోన్ నేను తీసుకున్నాను.

"అక్కా, నేనే. బతికే ఉన్న." గొంతు సన్నగా ఉంది, కానీ మాట ముద్దగా లేదు. "సూది ఏసిండ్రు, గ్లూకోజ్ పెట్టిండ్రు. మన కేరళ సిస్టరమ్మ ఒకామె ఉండె. కాయిదం విప్పి తేలును జూసి ఉరికింది, డాక్టర్‌ను గుంజుకచ్చింది. మంచిగైనంక పోలీసోల్లు అచ్చిండ్రు. ఇప్పుడు జైల్ల ఉన్న. ఈడ మనోల్లు శానమంది..."

అవ్వ నా చేతిలోంచి లాక్కుని, చెవికి తిరగేసి పెట్టుకుని అరిచింది: "కొడుకా, యాడున్నవు?"

"జైల్ల, అవ్వా."

"మంచిది కొడుకా! మంచిది! ఆడనే ఉండు!"

తర్వాత అవ్వ లోపలికి పోయి, శక్కర డబ్బా తీసుకుని వాకిట్లోకి వచ్చింది. పక్కింటి ఆమె చేతిలో ఇంత పోసింది.

"ఏంది అక్కా, ఏం మంచి ముచ్చట?"

"మా పిల్లగాడు జైల్ల వడ్డడు" అంది అవ్వ, ముఖమంతా వెలిగిపోతుండగా. పక్కింటామె శక్కర నోట్లో వేసుకోవాలో వద్దో తెలియక, అరచేయి అలాగే చాచి నిలబడింది.

నా అరచేతిలోనూ పోసింది, చాలా రోజుల తర్వాత నా ముఖం చూస్తూ. కళ్లు తుడుచుకుని వేసుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. గొర్ల కేసు ఏమైందో, ఎప్పుడు వదులుతారో, అసలు వదులుతారో లేదో, మేమెవరం అడగలేదు. ఫోన్ అప్పటికే కట్ అయిపోయింది. అవ్వ డబ్బా పట్టుకుని నాలుగో ఇంటి దాకా పోయింది. చెమటకు నా చేతిలో శక్కర కరుగుతోంది. ఆ నంబరుకు తిరిగి చేయడానికి నాకు ధైర్యం చాలలేదు.