బొంత ఎవరు కుట్టారంటే

దొరల కాలంలో మార్కాపురంలో చేతిపనుల ప్రదర్శన పెడితే, నేను కుట్టిన బొంత ఒళ్లో పెట్టుకుని కంభంలో రైలెక్కాను. ఎవరు కుట్టారని అడిగితే తోడికోడలి పేరు చెప్పమని మా మరిది గట్టిగా చెప్పి పంపాడు. మొగుడు పోయినదాని చేతిపని ముత్తయిదువలు వచ్చే చోట వేలాడదీయరట.

నా ఎదురుగా తోలుబొమ్మల గంప పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. ఆమె కూడా ఆట ఆడటానికి అక్కడికే పోతోంది. ఉండబట్టలేక నా బెంగంతా ఆమెకు చెప్పేశాను.

"నా మొగుడు పోయి శానా ఏండ్లాయ అమ్మీ. సీతమ్మ పెండ్లి మాటలు ఇప్పటికీ నేనే చెప్తా. ఆట మధ్యలో ఒక్కరన్నా లేచి ఇంటికి పోయినారా?" అని పకపకా నవ్వింది.

"నువ్వు తెర ఎనక ఉంటావు గదవ్వా. నాకు తెర యాడుంది?" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. గంపలోంచి సీతమ్మ బొమ్మ తీసి, కిటికీలోంచి వచ్చే ఎండకు అడ్డంగా పట్టింది. ఆ ఎరుపూ పసుపూ వచ్చి నా తెల్లకోక మీద పడ్డాయి. ఎవరన్నా చూస్తారేమోనని అటూ ఇటూ చూశాను. అయినా పక్కకు జరగలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఆమె బొమ్మను దించలేదు.

ప్రదర్శన దగ్గర గుమాస్తా, "ఎవురు కుట్టినారమ్మా?" అని అడిగాడు.

"నేనే నాయనా."

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి బొంత తీసుకున్నాడు. దాన్ని వేలాడదీస్తాడో, మూలన పడేస్తాడో నిలబడి చూసే ధైర్యం లేకపోయింది. మరిది అడిగితే ఏం చెప్పాలా అనుకుంటూ మళ్లీ రైలుకు నడిచాను. అబద్ధం ఒక్కటీ తోచలేదు.